గ్యారేజీలో మోగని చప్పుడు

చెవిమేస్త్రి చెయ్యి పడిన ఇంజను మళ్ళీ జన్మలో షెడ్డు మొహం చూడదు. ఇది నేను గొప్పకి అంటున్న మాట కాదు, నలభై ఏళ్ళుగా లారీవాళ్ళూ ట్రాక్టరువాళ్ళూ ఒప్పుకున్న సంగతి. ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడుకుని, మూడు వీధుల అవతల పోతున్న డీజిలు బండి చప్పుడు విని, దానికి రెండో నాజిల్ కారుతోందనీ, నడిపేవాడికి పంటినొప్పి ఉందనీ చెప్పగలడు. ఒకసారి నీళ్ళ ట్యాంకరు వెళుతుంటే విని, అందులో పదకొండు బిందెల నీళ్ళు తక్కువున్నాయన్నాడట. ఆ పదకొండు మాత్రం నేను నమ్మను. తొమ్మిది ఉండొచ్చు.

అలాంటి మనిషి ఆ మంగళవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి ఒక సేవా ట్రస్టు వారి షెడ్డులో అడుగుపెట్టి, ఒక పాత తెల్ల వ్యాను ముందు గంటసేపు నిలబడి, ఏమీ వినలేకపోయాడు.

వ్యాను వయసు పంతొమ్మిదేళ్ళు. కిడ్నీలు పనిచెయ్యని వాళ్ళని రోజు విడిచి రోజు ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చడం, రక్తం శుభ్రం చేయించుకున్నాక మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపడం దాని పని. పొద్దున ఆరింటికి ఒక ట్రిప్పు, పదకొండూ నలభైకి ఇంకొకటి. నడిపేది మేస్త్రి మేనకోడలు. పదమూడేళ్ళుగా ఆవిడే నడుపుతోంది. ఆరు వారాల కిందట ఇంజనులో ఏదో టకటక మొదలైంది. మొదలైంది అనడం కూడా కష్టమే. ఉంటుంది, ఉండదు. ఉంది కదా అని చెవి పెడితే ఆగిపోతుంది.

ఆమె ఏడుసార్లు షెడ్డు పుస్తకంలో ఫిర్యాదు రాసింది. ఏడుసార్లూ షెడ్డు ఫోర్‌మన్ బానెట్ ఎత్తి, ఇంజను నడిపి, విని, ఒకే మాట రాశాడు: చప్పుడు లేదు. ఏడుసార్లూ వ్యాను సగం రోజు షెడ్డులో పడి ఉంది. ఏడుసార్లూ రోగులు ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్ళారు. ఒక ముసలాయన కాళ్ళు పొంగి, ఊపిరాడక నానా అవస్థా పడ్డాడు. దాంతో ట్రస్టు కార్యదర్శి గారు కళ్ళజోడు తుడుచుకుని ఒక నిర్ణయానికి వచ్చారు. ఆవిడ పూర్వం లెక్కల టీచరు. ఆవిడ దగ్గర ఏదైనా సరే అవునైనా కావాలి, కాదైనా కావాలి, మధ్యలో ఇంకేమీ ఉండకూడదు.

"పదకొండున్నర వరకూ టైమిస్తున్నాను. ఈలోపు మీ మావయ్యకి చప్పుడు వినిపిస్తే తప్పు ఫోర్‌మన్‌ది. వినిపించకపోతే నువ్వు స్టీరింగు వదిలెయ్యాలి. లేని రోగం ఉందనే డ్రైవరు చేతిలో ఉన్న రోగుల్ని ఎలా పెట్టను?"

అదీ పందెం. మేనకోడలు తాళాలు గుప్పిట్లో బిగించింది.

ఫోర్‌మన్ సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు మూడేళ్ళు మేస్త్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక, చెవితో ఇంజను చూడటం పాతకాలపు మంత్రసాని పని అని ఎద్దేవా చేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు అతని చేతిలో పలకలాంటి స్కానరు ఒకటుంటుంది. బండికి తగిలిస్తే రోగమేమిటో తెరమీద రాస్తుంది. చిక్కేమిటంటే ఈ వ్యాను ఎంత పాతదంటే, ఆ స్కానరు తగిలించడానికి దానికి కన్నమే లేదు. అయినా అతను దాన్ని చేతిలోంచి దించడు.

"గురువుగారూ, కుర్చీ వేయించమంటారా? చప్పుడు వచ్చేదాకా నిలబడితే మోకాళ్ళు పట్టేస్తాయి."

"నువ్వా పలక కింద పెట్టు బాబూ. దానికి వినపడితే నాకంటే ముందు చెప్పేస్తుందేమో అని భయంగా ఉంది."

మేస్త్రి పని మొదలుపెట్టాడు. ఫోర్‌మన్ మేనకోడలి దగ్గర తాళాలు తీసుకుని, వ్యానుని లోపలికి తోలి, ఆపి, తాళం తిప్పి ఇంజను కట్టేశాడు. షెడ్డు నియమం ప్రకారం ముందుగా, వెనక చక్రానికి ఇటుక ఆనించాడు. తరవాత మళ్ళీ స్టార్టు చేసి, సీటు దిగి, బానెట్ ఎత్తాడు. ఇంజను అర నిమిషం గలగలలాడి, కుదురుకుని, అలా నడుస్తూనే ఉంది. స్టార్టు చెయ్యగానే అర నిమిషం గోల ఏ ముసలి డీజిలుకైనా ఉండేదే. పడక మీంచి లేచిన మనిషి దగ్గులాంటిది. దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. మేస్త్రీ తీసుకోలేదు.

పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, కొన ఇంజనుకీ, పిడి చెవి వెనక ఎముకకీ ఆనించాడు. కుడి చెవి వెనక. ఇక్కడ ఒక చిన్న విషయం ఒప్పుకోవాలి. మేస్త్రికి ఆరేళ్ళుగా ఎడమ చెవి పనిచెయ్యదు. ఆ పంటినొప్పి సంగతీ ట్యాంకరు సంగతీ అంతకుముందువి. కానీ కుడి చెవి ఇంకా కత్తిలా ఉంది. ఉందని ఆయన అంటాడు.

ఒక్కొక్క అనుమానితుణ్ణీ నిలదీశాడు. ముందు సైలెన్సరు రేకు. గుంజి చూశాడు, కదల్లేదు. ఫ్యాను బెల్టు బిగువుగా ఉంది. ఇంజను కింది రబ్బరు దిమ్మల్ని గడ్డపలుగుతో ఎత్తి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. నాజిళ్ళకు డీజిలు తెచ్చే గొట్టాల్ని ఒక్కొక్కటే కొంచెం వదులు చేసి బిగించాడు. నాలుగింటికీ ఇంజను ఒకేలా కుంటి, ఒకేలా తేరుకుంది. అంటే నాలుగూ నిర్దోషులే. డ్యాష్‌బోర్డు వెనక గోలీ ఒకటి దొరికినప్పుడు ఆయన మొహం వెలిగింది. మేనకోడలు చూసి తల అడ్డంగా ఊపింది.

"అది నా కూతురిది మావయ్యా. ఆరేళ్ళుగా అక్కడే ఉంది. దాని చప్పుడు వేరు, నాకు తెలుసు."

గోలీని జేబులో వేసుకున్నాడు. డైనమో దగ్గర గుడ్డతో తుడుస్తుంటే చెయ్యి చురుక్కుమంది. దాని వెనక భాగం కాస్త ఎక్కువ వేడిగా ఉన్నట్టనిపించింది. నడిచే ఇంజనులో చల్లగా ఏముంటుందిలే అనుకున్నాడు. అక్కడ ఒక సన్నని గొట్టం అతుకు మీద నూనె కారకుండా పూసే ఎర్ర పేస్టు ఎండిపోయి బొట్టుగా మెరిసింది. ఎవడో మరీ దట్టంగా పూశాడని మనసులో తిట్టుకుని, పక్కకి జరిగాడు. చుట్టూ అంతా నూనె జిడ్డుగా ఉంటే ఆ ఒక్క అతుకే పొడిగా ఎందుకుందో అని ఆయనకి అప్పుడు తోచలేదు.

పదీ ఇరవై అయింది. ఇంజను పిల్లిలా గురగురమంటోంది.

ఇంజను చెప్పకపోతే మనుషుల్ని అడగాలి. మేస్త్రి తలకిందులుగా పెట్టిన రంగు డబ్బా మీద కూర్చుని మేనకోడల్ని పిలిచాడు. ఆవిడ ట్రిప్పు కాగితం వెనక పెన్సిలుతో రాసుకున్న టైములు చూపించింది. ఆరూ పదికి, మొదట ఎక్కే పోస్టుమాను గారి ఇంటి ముందు చప్పుడు. ఆరూ ఇరవై రెండుకి బేకరీ పక్క సందులో చప్పుడు. ఆరూ ముప్పై అయిదుకి చక్రాల కుర్చీ ముసలాయన ఇంటి ముందు లేదు. ఆ తరవాత పెద్ద రోడ్డు మీద పావుగంట పరుగు, అప్పుడూ లేదు. ఏడింటికి దిగుడు రోడ్డులో, రైలు గేటు ముందు, అన్నింటికంటే గట్టిగా. ఏడూ అయిదుకి ఆసుపత్రి గుమ్మంలో లేదు.

మేస్త్రి ఆ కాగితాన్ని అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. చల్లగా ఉన్నప్పుడే అందామంటే రైలు గేటు దగ్గరికి ఇంజను బాగా వేడెక్కి ఉంటుంది. వేడెక్కితేనే అందామంటే పెద్ద రోడ్డు మీద లేదు. బరువెక్కితే అందామంటే పోస్టుమాను దగ్గర వ్యాను ఖాళీ. వ్యాను ఆగినప్పుడు అందామంటే ముసలాయన ఇంటి ముందూ ఆగింది, ఆసుపత్రి ముందూ ఆగింది, ఇక్కడ షెడ్డులో గంట నుంచీ ఆగే ఉంది.

"పోస్టుమాను ఇంటి ముందున్నదేమిటి, ముసలాయన ఇంటి ముందు లేనిదేమిటి?"

"పోస్టుమాను ఇంటి ముందు కుక్క ఉంది మావయ్యా."

"కుక్క వల్ల ఇంజను మోగదు."

"నేనూ అదే అనుకుంటున్నాను. కానీ ఇంకేం తేడా లేదు."

ఉంది. ముసలాయన ఇంటి ముందు చక్రాల కుర్చీ ఎక్కించడానికి బల్ల దించాలి. దానికి ఆమె ఇంజను కట్టేసి దిగుతుంది. ఆసుపత్రిలోనూ అంతే. రోజూ చేసే పని కాబట్టి అది చెప్పుకోదగ్గ సంగతని ఆమెకి తోచలేదు. అడగదగ్గ ప్రశ్న అని ఆయనకీ తోచలేదు. ఇద్దరూ కలిసి కుక్క గురించి పది నిమిషాలు ఆలోచించారు.

రెండో ట్రిప్పు వాళ్ళలో ఒకావిడ ఆ పక్క వీధిలోనే బట్టలు కుడుతుంది. అందరూ కుట్టుమిషను పిన్ని అంటారు. ఇంటి దాకా వ్యాను రానక్కర్లేదని తానే షెడ్డుకి నడిచి వచ్చేస్తుంది. ఆ రోజు పదీ నలభైకే వచ్చి, మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని, బల్ల మీద కూర్చుని తమాషా చూస్తోంది. మేస్త్రి ఆమెనీ విచారించాడు. చప్పుడు ఆమెకి వినపడిందా? వినపడింది. ఎలా ఉంటుంది? ఆమె బల్లమీద గోళ్ళతో వాయించి చూపించింది.

"టకటకటక అని పన్నెండు లెక్కపెట్టేదాకా ఉంటుంది, తరవాత సన్నగిల్లి ఆగిపోతుంది. మళ్ళీ కాసేపటికి మొదలు. మా మిషను షటిలుకి నూనె అందకపోతే ఇలాగే ఏడిచేది. ఒక చుక్క వేస్తే నోరు మూసుకునేది."

ఫోర్‌మన్ నవ్వాడు. కుట్టుమిషనుకీ నాలుగు సిలిండర్ల ఇంజనుకీ పోలికేమిటని, రేపు వంటింటి మిక్సీని కూడా సాక్ష్యానికి పిలుస్తారా అని అడిగాడు. మేస్త్రి నవ్వలేదు గానీ, నూనె మట్టం చూసే గజం తీసి చూసి, ఇంజనులో నూనె నిండుగా ఉండటంతో ఆ మాటని అక్కడే వదిలేశాడు. పిన్ని సరైన తలుపే తట్టింది. ఈయనే వీధి గుమ్మం తీసి చూసి, ఎవరూ లేరని వేసేసుకున్నాడు.

పదకొండూ పదికి మేస్త్రి తానే నడిపి చూస్తానన్నాడు. బయటి మనిషి నడిపితే బీమా చెల్లదని కార్యదర్శి గారు ఒప్పుకోలేదు. మరి మేనకోడలు నడుపుతుంది, తాను పక్కన కూర్చుంటానన్నాడు. ఫోర్‌మన్ అడ్డం పడ్డాడు. తాను ఇప్పటికే పెద్ద రోడ్డు మీద నడిపి చూశాడు, పదహారు నిమిషాలు, చప్పుడు లేదు, కావాలంటే పుస్తకంలో ఉంది.

"ఎన్నిసార్లు ఆగావు?" మేస్త్రి అడిగాడు.

"ఆగడమేమిటి? వెళ్ళాను, వచ్చాను. చివర్లో ఒక్కసారి బ్రేకు వేసి తాళం కట్టేశాను. నేను డ్రైవర్లలాగా ఊరికే తొక్కుతూ కూర్చోను. పెడలు కాలరాసే పద్ధతి నాకు లేదు."

"నీ పద్ధతి నేను నేర్పిందే కదా."

"పద్ధతి మీది, బుర్ర నాది గురువుగారూ. మీ చెవి అయిపోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ చెప్పరు గనక నేను చెబుతున్నాను. ఈవిడకి భయం పట్టుకుంది. ఆ ముసలాయన కాళ్ళు పొంగిన నాటి నుంచీ ప్రతి చిన్న టకటకా ఆవిడకి ఉరుములా వినబడుతోంది. భయానికి స్పానరు లేదు."

మేస్త్రి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చని ఆయనకే అనిపించింది. మేనకోడలి వంక చూశాడు. ఆమె ఆయన వంక చూడలేదు. ఆయన అనుమానం ఆమెకి కనబడిపోయింది.

పదకొండున్నరకి కార్యదర్శి గారు సంతకం పెట్టారు. మేనకోడలు ఇంజను కట్టేసి, తాళాలు బల్ల మీద పెట్టింది, విసరలేదు. రెండో ట్రిప్పు ఫోర్‌మనే తీసుకెళ్ళేలా నిర్ణయమైంది. అతను కాలితో ఇటుకను పక్కకి తన్ని, సీటెక్కాడు. పదకొండూ నలభైకి పిన్ని ఎక్కింది. వ్యాను గేటు దాటింది. దారిలో మరో అయిదుగురిని ఎక్కించుకుని, పన్నెండూ అయిదు కల్లా దిగుడు రోడ్డు దిగి, రైలు గేటు దాటాలి.

షెడ్డులో ముగ్గురు మిగిలారు. కార్యదర్శి గారు ఫైలు సర్దుకుంటున్నారు. మేనకోడలు తన నీళ్ళ సీసా, చలికోటు, సీటు మీద వేసుకునే మెత్త ఏరుకుంటోంది. మేస్త్రి కింద ఉన్న ఇటుక మీద కూలబడ్డాడు. చిన్న ఇటుక. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"రేపటి నుంచి కాళ్ళ నొప్పయినా ఉండదులే మావయ్యా," అందామె. ఆయన్ని ఓదార్చాలనే అంది. "ఆ హ్యాండ్ బ్రేకు ఎటూ పట్టదు. వాళ్ళు ఎక్కేదాకా కాలు బ్రేకు మీదే ఉంచాలి. నొప్పెట్టి కొంచెం వదులుతానా, బండి కదులుతుంది, మళ్ళీ తొక్కుతాను. తొక్కడం, వదలడం, తొక్కడం, వదలడం. పోస్టుమాను గారు ఎక్కేసరికి పిక్కలు రాయిలా అయిపోతాయి."

"ముసలాయన ఇంటి ముందు?"

"అక్కడ దిగాలి కదా. ఇంజను కట్టేసి..."

ఆమె ఆగిపోయింది. మేస్త్రి కూర్చున్న చోటి నుంచి లేచాడు. లేచి, ఇటుక వంక చూశాడు.

షెడ్డులో చక్రానికి ఇటుక పెడతారు. ఇటుక ఉన్న చోట బ్రేకుతో పని లేదు. ఆరు వారాలుగా ఏడుసార్లు ఈ షెడ్డులో ఇంజను నడిచింది. ఒక్కసారి కూడా అది నడుస్తుండగా ఎవరూ బ్రేకు తొక్కలేదు. బండి ఆపగానే ముందు ఇటుక, తరవాతే బానెట్. ఈ నియమం ఫోర్‌మన్‌కి ఎవరు నేర్పారు? మొదటి ఏడాది మొట్టికాయలు వేసి మరీ మేస్త్రే నేర్పాడు.

కార్యదర్శి గారికి అర్థం కాలేదు. బ్రేకుకీ ఇంజను చప్పుడుకీ సంబంధమేమిటని అడిగారు. మేస్త్రి గబగబా చెప్పాడు. పాత డీజిలు బండిలో బ్రేకు తేలిగ్గా పడాలంటే గాలిని పీల్చే చిన్న పంపు ఒకటి కావాలి. అది డైనమో వీపున ఉంటుంది. బ్రేకు తొక్కి వదిలినప్పుడల్లా ఆ పంపు కాసేపు గట్టిగా పీల్చాలి. ఆ కాసేపే పన్నెండు లెక్క. లోపలి రేకులు అరిగి ఉంటే ఆ పన్నెండు లెక్కల్లోనే టకటకలాడతాయి. తరవాత పని లేదు, చప్పుడూ లేదు.

"అరగడం ఎందుకు? పంపుకి నూనె అందదా?" మేనకోడలు అడిగింది.

అందుతుంది. ఇంజను నుంచి ఒక సన్నని గొట్టం తెస్తుంది. డైనమో పక్కనే. ఎర్ర పేస్టు బొట్టు మెరిసిన అతుకు దగ్గర.

ఆ అతుకు పొడిగా ఉంది. డైనమో వీపు కాలిపోతోంది. ఎవడో మూర్ఖుడు పేస్టు దట్టిస్తే, అది లోపలికి పిండుకుని గొట్టం కన్నాన్ని పూడ్చేసింది. పిన్ని మిషను షటిలులాగా పంపు నూనె లేక ఏడుస్తోంది. దొంగ దొరికాడు. ఎర్ర పేస్టు వాడే దొంగ.

ఆయన షెడ్డు గోడనున్న అలమర దగ్గరికి వెళ్ళి చూశాడు. పేస్టు గొట్టాలు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ నలుపే. ఫోర్‌మన్ నలుపు తప్ప వాడడు. ఎర్ర పేస్టు ఊళ్ళో ఇప్పుడెవరూ వాడరు, ఒక్క...

తేలు కుట్టిన దొంగలా మేస్త్రి గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఎనిమిది నెలల కిందట, ఒక ఆదివారం. మేనకోడలు వచ్చి, డైనమో దగ్గర నూనె చెమరుస్తోంది, షెడ్డుకి ఇస్తే సగం రోజు పోతుంది, నువ్వు చూడు మావయ్యా అంది. ఆయన వచ్చాడు. అతుకు విప్పాడు, తుడిచాడు, ఇక జన్మలో కారకూడదని పేస్టు కాస్త ఎక్కువే పూశాడు. కారలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పొద్దుటి నుంచీ ఆయన దొంగ కోసం వెతుకుతున్నాడు.

మేస్త్రి చెయ్యి పడిన ఇంజను మళ్ళీ షెడ్డు మొహం చూడదని మొదట్లో నేనన్నాను. ఏడుసార్లు చూసింది.

"ఫోన్ చెయ్యి," అన్నాడాయన. "దిగుడు రోడ్డు ఎక్కకముందే ఆపమను."

పదకొండూ యాభై ఎనిమిది. మేనకోడలు ఫోర్‌మన్ నంబరు నొక్కింది. బల్ల మీద, స్కానరు పక్కన, అతని ఫోను మోగింది. ముగ్గురూ దాని వంక చూశారు. మేనకోడలే ముందు తేరుకుని పిన్నికి చేసింది.

"ఏమ్మా, మాత్రల డబ్బా మర్చిపోయానా?" పిన్ని గొంతు తాపీగా ఉంది.

"పిన్నీ, ఎక్కడున్నారు?"

"దిగుతున్నాం. గేటు వేస్తున్నట్టున్నారు, గంట వినిపిస్తోంది."

ఆ మాట వెనక, గంట వెనక, ఇంకొకటి వినిపించింది. మేస్త్రి ఫోను లాక్కుని కుడి చెవికి ఆనించాడు. టకటకటక. పొద్దుటి నుంచీ ఆయన స్క్రూడ్రైవరుతో వెతికిన చప్పుడు, ఇంజనులో దొరకనిది, ఫోనులో దొరికింది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. అయిదు. ఆరు. ఏడు.

ఏడు దగ్గర ఆగిపోయింది. సన్నగిల్లి ఆగలేదు, పుటుక్కున తెగింది.

"పోయింది అమ్మాయ్," అన్నాడు. "పంపు పోయింది."

ఆమె ఫోను తీసుకుని స్పీకరు పెట్టింది. అవతల ఫోర్‌మన్ గొంతు వినిపించింది. పెడలు రాయిలా అయిపోయిందట, కింద ఏదో అడ్డం పడిందట, పిన్నీ వంగి చూడండి అంటున్నాడు. వెనక ఎవరో దేవుణ్ణి తలుచుకుంటున్నారు.

"అడ్డమేం పడలేదు," అంది మేనకోడలు. ఆరు వారాలుగా మీరు, గారు తప్ప ఎరగని మనిషి ఏకవచనంలోకి దిగిపోయింది. అవతలివాడూ అది గమనించలేదు. "నేను చెప్పేది విను. తాళం ముట్టుకోకు, స్టీరింగు బిగుసుకుపోతుంది. మూడో గేరులోకి లాగు."

ఇంజను గొంతు పెరిగింది.

"రెండు."

ఇంజను అరిచింది. గేటు గంట దగ్గరైంది.

"ఇప్పుడు రెండు కాళ్ళూ పెడలు మీద పెట్టు. వీపు సీటుకి ఆనించి, లేచి నిలబడ్డట్టు తొక్కు. బ్రేకు ఉంది, బరువెక్కింది అంతే. వదిలి మళ్ళీ తొక్కకు. ఒక్కటే తొక్కుడు. హ్యాండ్ బ్రేకు కూడా లాగు, ఎంతో కొంత పట్టుకుంటుంది."

తరవాత టైర్లు ఈడ్చిన చప్పుడు. తరవాత రైలు. రైలు వెళుతున్నంతసేపూ కార్యదర్శి గారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. మేస్త్రి తనకి వినపడని ఎడమ చెవిని కూడా ఫోను వైపు తిప్పాడు.

"అమ్మా," అంది పిన్ని, రైలు పోయాక. "గేటుకీ మనకీ జానెడు ఉంది. అందరం బాగానే ఉన్నాం. నా సూదులడబ్బా కింద పడింది, అంతే."

ఆ వెనక ఫోర్‌మన్ గొంతు. ఊపిరి కూడదీసుకుంటున్నాడు.

"అమ్మా, మీరేనా? కార్యదర్శి గారు పక్కనున్నారా? ఆ పుస్తకంలో ఎనిమిదోసారి రాయమనండి. చప్పుడు ఉంది."

కార్యదర్శి గారు పుస్తకం తెరిచి స్వయంగా రాశారు. టైము పన్నెండూ మూడు. రాసి, తన సంతకమున్న కాగితాన్ని నిలువునా చింపి, తాళాలు వచ్చాక అవి నీవేనన్నారు మేనకోడలితో. ఆసుపత్రికి ఫోను చేసి, ఆరుగురినీ గేటు దగ్గర నుంచి తీసుకెళ్ళడానికి వాళ్ళ బండి పంపమన్నారు. అవన్నీ అయ్యాక, తప్పెవరిదో కూడా రాయాలి కదా అని కలం ఎత్తిపట్టుకుని మేస్త్రి వంక చూశారు.

మేస్త్రి గొంతు సవరించుకుని, గట్టిగా, షెడ్డు రేకులు అదిరేలా చెప్పాడు. "నాది. ఆ ఎర్ర పేస్టు నాది. ఇటుక నియమం కూడా నాదే. ఫోర్‌మన్ పేరు రాయకండి."

మేనకోడలు నీళ్ళ సీసా మూత తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్క దగ్గర ఆగాడు. సీసా కిందికి దించి, మేనకోడలి వంక వింతగా చూశాడు.

"అమ్మాయ్, ఆ ఆదివారం నేను చూసింది ఒక్క వ్యానునేనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ట్రస్టుకి అలాంటివే రెండు వ్యాన్లు, ఒకే ఏడు కొన్నవి. ఆ ఆదివారం తెల్లదాని పక్కనే నీలందీ ఉంది. దానికీ నూనె చెమరుస్తోంది. వచ్చినవాణ్ణి ఎలాగూ వచ్చాను కదా అని, అదే పేస్టు గొట్టంలోంచి, అంతే దట్టంగా, దానికీ పూశాడు. నీలం వ్యాను మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు. దాని డ్రైవరు చెవుల్లో పాటల తీగలు పెట్టుకుని నడుపుతాడు.

"ఇవాళ అదెక్కడుంది?" మేస్త్రి అడిగాడు.

కార్యదర్శి గారు గోడ మీది పట్టిక చూశారు. పొద్దున ఎనిమిదికి పద్నాలుగు మంది నర్సింగు విద్యార్థినుల్ని ఎక్కించుకుని కొండమీది శిబిరానికి వెళ్ళింది. పన్నెండున్నరకి అక్కడ బయలుదేరి కిందికి దిగాలి. అప్పుడు టైము పన్నెండూ పదిహేడు. మేనకోడలు అప్పటికే నీలం వ్యాను డ్రైవరు నంబరు నొక్కింది. కొండ మీద సిగ్నలు లేదని ఫోనులో ఒకావిడ ఎంతో మర్యాదగా చెప్పింది. మేనకోడలు ఫోను జేబులో పెట్టుకుని, గోడకి ఆనించిన ఫోర్‌మన్ మోటారు సైకిలు వైపు పరిగెత్తింది. మేస్త్రి ఆమె వెనక, ఎందుకో ఇటుక చేత్తో పట్టుకుని, పరిగెత్తాడు.

ఇంతదాకా విన్నవాళ్ళకి నిజం చెప్పాలి గనక చెబుతున్నాను. మేస్త్రి తప్పు ఒప్పుకున్నప్పుడు షెడ్డు రేకులు అదిరాయన్నది నా కల్పన. ఆయన గొణిగాడు. కార్యదర్శి గారు మళ్ళీ చెప్పమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. నీలం వ్యాను మాత్రం నేను కల్పించింది కాదు.